దేవుఁడు మన దుఃఖము నెఱుఁగునా?



దేవుఁడు సర్వజ్ఞుఁడని పెక్కు మతములవారు ఒప్పుకొందురు. వానచినుకుల లెక్కయు, ఇసుకరేణువుల లెక్కయు ఆయనకుఁ దెలియు నందురు. కాని కష్టములో నున్నవాఁ డడుగు ప్రశ్న యిది కాదు. "నా బాధ దేవునికిఁ దెలియునా?" యని వాఁ డడుగునపుడు, తన పేరు దేవుని చిట్టాలో నెక్కినదా యని వాని భావము కాదు, తన నొప్పి ఆయనకు నొప్పిగాఁ దెలియునా యని వాని భావము. ఈ రెండవ ప్రశ్నకుఁ గ్రైస్తవమత మిచ్చు సమాధానమును, ఆ సమాధానమునకుఁ గల చిక్కులను, మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల చరిత్రను దృష్టియం దుంచుకొని నేఁడు విన్నవింపఁ దలఁచితిని.

చిరకాలము భాషను బోధించినవాఁడ నగుటచే మొదట మాటలను బరిశీలింతును. వేదము, వేదన యను రెండు పదములును 'విద్' అను నొక్క ధాతువునుండియే పుట్టినవి. ఆ ధాతువునకు ఎఱుఁగుట యని యర్థము. ఎఱుకయే యొకచోట శాస్త్రమైనది, వేఱొకచోట బాధయైనది. శరీరముతో నెఱిఁగిన యెఱుక వేదన. ఇఁక 'శ్రమ' యను మాట చూడుఁడు. సంస్కృతమున దీనికి అలసట, ప్రయాస యని యర్థము. తెలుఁగు క్రైస్తవులు క్రీస్తు పడిన బాధలను శ్రమలనియే పిలిచిరి. ఈస్టరునకు ముందు నలువది దినములు వారికి శ్రమదినములు. కూలివాని చెమటకును సిలువమీఁది వేదనకును మా సంఘములలో నొక్కటే మాట చెల్లుచున్నది. తెలిసి పెట్టినను తెలియక పెట్టినను, పేరు చక్కగా నమరినది.

నంద్యాల చుట్టును నవనందు లున్నవి. ఆళ్లగడ్డకు దాపున అహోబిలమున నవనారసింహు లున్నారు. భగవంతునికి మొఱపెట్టుకొనుట ఈ మన్నునకుఁ గ్రొత్త గాదు. ప్రహ్లాదుని మొఱ విని దేవుఁడు కంబము చీల్చుకొని వచ్చెను. పోతన భాగవతములో మకరికిఁ జిక్కిన గజేంద్రుఁడు కడపటి నిమిషమున దేవుని యునికినే శంకించెను. అయినను పిలువఁగా దేవుఁడు పరుగున వచ్చెను. ఈ కథలు వినినపుడు మనసు కుదుటఁబడును. కాని కంబము చీలనివారి సంగతి యేమి? మకరి యీడ్చుకొనిపోఁగా మునిఁగిపోయినవారి సంగతి యేమి? అట్టివారు ఈ సీమలో లెక్కకు మిక్కిలిగా నుండిరి.

1876వ సంవత్సరమున వానలు తప్పినవి. అది ధాత నామ సంవత్సర మగుటచే, 1878 వఱకు సాగిన యా క్షామమును మనవారు ధాత కఱవని పిలిచిరి. మద్రాసు రాజధానిలో మిక్కిలి నష్టపడిన జిల్లాలలోఁ గర్నూలొకటి. నంద్యాల, ఆళ్లగడ్డ లప్పుడా జిల్లాలోనివే. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కలను సరిపోల్చినచోఁ గర్నూలు జిల్లా జనసంఖ్య యించుమించు నాలుగవవంతు తగ్గినట్లు కానవచ్చును. నలుగురున్న యింట నొకరు లేకపోయిరని ఊహించుకొన్నచో ఆ లెక్క కొంత బోధపడును.

ఆ కాలమున ప్రభుత్వమునకు సంగతి తెలియదా? లెస్సగాఁ దెలియును. కలెక్టర్లు నివేదికలు పంపిరి. 1877 జనవరి 1వ తేదీని ఢిల్లీలో లిట్టన్ ప్రభువు విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగాఁ బ్రకటించుచు మహా దర్బారు జరిపెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి కఱవు పనులను విచారించి, పనిచేయు మగవానికి దినమున కొక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగా దుడ్డును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు, అది దేహమును నిలుపఁజాలదని గట్టిగా వాదించెను. ఆ యేడాదియే కూలి పెంపవలసి వచ్చెను. టెంపుల్ క్రూరుఁడని నే ననను. ఆయన జిల్లాలు తిరిగెను, శిబిరములు చూచెను, లెక్కలు వ్రాసికొనెను. కాని ఆ యొక్క పౌనుతో ఆయన యొక దినమైనను గడ్డపాఱ పట్టలేదు. లెక్కకు ఆఁకలి తెలియదు.

దేవుని యెఱుకయు ఇట్టిదేనా? ఎత్తైన పీఠముపై నుండి తప్పులేని లెక్కలు వ్రాసికొను నెఱుకయేనా? మన ప్రశ్న కిది కీలకము.

ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలలో ననేకులు, దేవుఁడు నిర్వికారుఁడు, దుఃఖ మాయన నంటదు అని తలంచిరి. దుఃఖించువాఁడు మాఱువాఁడు, మాఱువాఁడు పరిపూర్ణుఁడు కాఁడు, ఇదియే వారి తర్కము. మన వేదాంతములోని నిర్వికార బ్రహ్మ మెఱిఁగినవారికి ఈ తర్కము క్రొత్త గాదు. క్రైస్తవులలోని తొలి పెద్దలును దేవుని స్వభావమును గూర్చి చెప్పునపుడు దీనిని గౌరవించిరి. కాని వారి చేతిలో సువార్త యుండెను. ఆ సువార్తలోని ప్రభువు ఆఁకలిగొనెను, ఎండవేళ బావియొద్దఁ గూలఁబడి నీ రడిగెను, చివరకు నేరస్థుల నడుమఁ జచ్చెను. ఈయన దేవుఁడు పంపిన దూత మాత్రమే యైనచోఁ జిక్కు లేదు. దూత బాధపడెను, దేవుఁడు సుఖముగా నుండెను అనవచ్చును. 325వ సంవత్సరమున నీకయలోఁ గూడిన సభ ఈ సులువైన దారిని మూసివేసెను. క్రీస్తు తండ్రితో నేకతత్త్వము గలవాఁడని నిశ్చయించెను. 451లో కల్కెదోను సభ, ఆయన సంపూర్ణముగ దేవుఁడు, సంపూర్ణముగ మనుష్యుఁడు అని తేల్చెను. తండ్రియే స్వయముగ సిలువ నెక్కె నను వాదమును సంఘ మంగీకరింపలేదు. కాని సిలువమీఁద నున్నవాఁడు దేవునికిఁ బరాయివాఁ డనియు అంగీకరింపలేదు. ఈ రెంటి నడుమనున్న యిఱుకు దారియే క్రైస్తవ విశ్వాసము.

సిలువ యన నేమో నేఁటి పిల్లలకుఁ దెలియుట కష్టము. మెడలోని బంగారు సిలువలను వారు చూచుచున్నారు. దాని యర్థము తెలియవలె నన్నచోఁ గోయిలకుంట్లను స్మరింపవలెను. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నచటఁ బ్రజల యెదుట నురిదీసిరి. అంతటితోఁ దృప్తి లేక, చూచినవారు భయపడవలె నని, ఆయన శిరస్సును బహు సంవత్సరములు వ్రేలాడఁగట్టి యుంచిరి. రోమనులకు సిలువ యట్టిది. చంపుట మాత్రమే దాని ప్రయోజనము కాదు. అవమానించుట, దారిన పోవువారికి బుద్ధి చెప్పుట దాని ప్రయోజనము. దేవుఁ డెచటనైనఁ గనఁబడు ననుకొనవచ్చును గాని యురికొయ్యపైఁ గనఁబడు నని యెవ్వ రనుకొందురు? క్రైస్తవమతము సరిగా నదియే చెప్పుచున్నది.

అంతేకాదు. ఆ సిలువపై ప్రభువు పలికిన మాటలలో నొకటి, దేవుఁడు తన్ను విడనాడె నను ఆక్రోశము. అది ఇరువదిరెండవ కీర్తనలోని మొదటి మాట. బాధితుని బాధలో నెల్లఁ బెద్దది దెబ్బ కాదు, గాయము కాదు. దేవుఁడు కూడఁ జేయి విడిచె నను తలంపు. ఆ తలంపును కూడ ఆయన నోటితోనే పలికెను. గజేంద్రుని సందేహము ఇచట దేవుని కుమారుని కంఠమునుండి వెడలినది. ఆయన పిలుపునకు కంబము చీలలేదు. ఆనాఁడు ఎవరును పరుగున రాలేదు. కావున రక్షణ రాని యార్తుని సంగతి యెఱుఁగనివాఁ డీయన యని యెవ్వరును అనలేరు.

ఇఁక ఆక్షేపణలకు వత్తము. మొదటిది: యేసు ముప్పదిమూఁడేండ్లు మించి బ్రతికినట్లు సామాన్యముగ నెవరును చెప్పరు. ఆయన వృద్ధుఁడు కాలేదు, స్త్రీ కాఁడు, బిడ్డలను గనలేదు, పదియేండ్లు మంచము పట్టలేదు. మోఁకాళ్ల నొప్పితో లేవలేని ముసలిదాని బాధ ఆయన కెట్లు తెలియును? ఈ ప్రశ్న నవ్వఁదగినది కాదు. నా సమాధాన మిది. దుఃఖములకు రూపములు వేయి, వేళ్లు కొన్నియే. నిస్సహాయత యొక వేరు, అవమాన మొక వేరు, ఒంటరితన మొక వేరు, మరణభయ మొక వేరు. గెత్సేమనే తోఁటలో స్నేహితులు నిద్రపోవుచుండఁగా ఒంటరిగ భయపడినవాఁడు ఈ వేళ్లన్నిటిని ముట్టెను. కొమ్మల నన్నిటిని లెక్కించినవానికంటె వేరు ముట్టినవానికే చెట్టు ఎక్కువ తెలియును.

రెండవ యాక్షేపణ దీనికంటె గట్టిది. దానిని నేను గ్రంథములలోఁ జదువలేదు. ఆళ్లగడ్డ ప్రాంతమున ఉపాధ్యాయుఁడనుగా నున్నపుడు ఒక తల్లి నోట వింటిని. ఆమె కుమారుఁడు, నా తరగతిలోని పిల్లవాఁడు, కాలువలో మునిఁగి మరణించెను. ఆమె తప్పక గుడికిఁ బోవు క్రైస్తవురాలు. పరామర్శకుఁ బోయిన నాతో ఆమె యిట్లనెను: "ఐవారూ, వచ్చినోళ్లందరూ ఒకే మాట చెప్తాండారు. దేవుడూ కొడుకును పోగొట్టుకున్యాడు, నీ కడుపుకోత ఆయనకు తెలుసమ్మా అని. ఆయన కొడుకు మూడోనాడు లేచొచ్చె. నా కొడుకు లేచొచ్చెనా?"

అప్పుడు నేను బదులు పలుకలేదు. అది బదులు చెప్పు వేళయుఁ గాదు. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. తీరునని తెలిసిన దుఃఖము దుఃఖమే యగునా? మూఁడవ దినము వచ్చునని యెఱిఁగినవానికి మొదటి దినపు బాధ సగమే గదా? ఆమె పలుకులోని సార మిదియే.

దీనిని గూర్చి యోహాను సువార్తలో నొక ఘట్టము మనకు సాయపడును. లాజరు మరణించి నాలుగు దినములయ్యెను. ఇంకఁ గొంతసేపటికిఁ దాను లాజరును లేపఁబోవుట యేసునకుఁ దెలియును. అయినను ఆ యింటివారి యేడ్పుఁ జూచి ఆయన కలఁతపడెను, దారిలోనే కన్నీరు కార్చెను. "ఊరకుండుఁడు, ఇప్పుడే లేపెదను" అని చిఱునవ్వు నవ్వుట ఆయనకు సులభము. అట్లు చేయలేదు. దుఃఖాంతము తెలిసినంత మాత్రమున దుఃఖము ఆయనకు తేలిక కాలేదు. తెలిసికూడ నేడ్చినవాని యేడ్పు నటన కాదు. నటించుటకు ఆయన కచట నక్కఱ యేమియు లేదు.

రెండవది, పునరుత్థానమైన తరువాతఁ గూడ ఆయన చేతులలో మేకుల గాయములు మానలేదు. సందేహించిన తోమాకు వానినే చూపెను. మృతినే జయించినవానికి గాయములు మాన్పుకొనుట కష్టమా? అయినను ఉంచుకొనెను. అనఁగా సిలువ దేవునికి గడచిపోయిన ముచ్చట కాదు. ఆ గాయములతోనే ఆయన పరమునకుఁ బోయెనని విశ్వాసులు నమ్ముదురు. బిడ్డ నెడఁబాసిన తల్లికి ఎన్నేండ్లు గడచినను గాయ మున్నట్లే, దేవుని యొద్దను గాయ మున్నది.

మూఁడవది, శుక్రవారమునకును ఆదివారమునకును నడుమ నొక శనివారము గలదు. ఆ దినమున నేమియు జరుగలేదు. రాయి కదలలేదు, దేవదూత రాలేదు, శిష్యులు తలుపులు మూసికొని యుండిరి. మనుష్యులలో ననేకుల జీవిత మంతయు ఈ శనివారమే. ఆ తల్లియు ఆ దినముననే యున్నది. ఆమెను లాగి ఆదివారములో నిలువఁబెట్టుటకు మన కధికారము లేదు. ఆదివారమును నమ్మువాఁడు శనివారమున ఆమె ప్రక్కఁ గూర్చుండవలెను. అంతియే.

కడపటి యాక్షేపణ: ఎఱిఁగియు మాన్పనివాని యెఱుక యెందులకు? రోగితోఁ గలసి యేడ్చు వైద్యునికంటె రోగము కుదుర్చు వైద్యుఁడు మేలు గదా? మేలే. ఈ ప్రశ్నకు బైబిలు పూర్తి సమాధాన మియ్యలేదు. యోబు గ్రంథమును జూడుఁడు. యోబు పడిన బాధకు హేతువు లెన్నియో ఆతని మిత్రులు వివరించిరి: పాప మనిరి, శిక్ష యనిరి, బుద్ధి చెప్పుట యనిరి. యోబు దేవునితో వాదించెను, తన్నుఁ గన్న దినమును శపించెను. తుద కెవరి మాట సరియైన దని దేవుఁడు తీర్పు చెప్పెను? వివరించిన మిత్రుల మాట కాదు, మొఱపెట్టిన యోబు మాట. హేతువును మాత్రము యోబునకుఁ జెప్పనే లేదు.

అయినను ఆ యెఱుక వ్యర్థము కాదు. అది యొక పెద్ద యబద్ధమును ద్రోయుచున్నది. బాధపడువాఁడు దేవునిచే వెలివేయఁబడినవాఁడను మాట లోకమున నాటుకొనిపోయినది. కొందఱు పూర్వజన్మ పాప మందురు. కొందఱు క్రైస్తవులు విశ్వాసము చాలలేదందురు. పుట్టుగ్రుడ్డివానిఁ జూపి, ఇది వీని పాపమా, తల్లిదండ్రుల పాపమా యని శిష్యు లడుగఁగా యేసు రెండును గాదనెను. దేవునికిఁ బ్రియుఁడైనవాఁడే సిలువ నెక్కిన పిమ్మట, బాధఁ జూచి దేవుని కోపము కొలుచుట తగదు. ఇది చిన్న లాభము గాదు. రోగి మంచముమీఁద నుండి నేరస్థుని భారము దిగిపోవును.

ఇరువదవ శతాబ్దమున మహాయుద్ధముల పిమ్మట ఈ విషయము మఱల విద్వాంసుల ముందునకు వచ్చెను. జర్మనీలో నాజీల చెఱలో నుండి డీట్రిచ్ బోన్‌హోఫర్ అను ఉపదేశకుఁడు 1944లో వ్రాసిన లేఖలలో, బాధపడు దేవుఁడే మనకు సాయపడఁగలఁ డను నర్థము వచ్చునట్లు వ్రాసెను. 1945 ఏప్రిలులో ఆయన నురితీసిరి. జపానులో కిటమోరి 1946లో దేవుని వేదనను గూర్చియే యొక గ్రంథము ప్రకటించెను. యుద్ధఖైదీగా నుండి వచ్చిన మోల్ట్‌మన్ 1972లో సిలువవేయఁబడిన దేవుఁడను పేర గ్రంథము వ్రాసెను. మన తెలుఁగున గుఱ్ఱము జాషువ వీరికంటె ముందుగనే యీ ప్రశ్నను ముట్టెను. 1941లో వెలువడిన గబ్బిలములో ఒక యంటరాని పేద తన గోడును కాశీనాథునికి విన్నవింపుమని గబ్బిలమును బంపును. గుడి వానికి మూసియున్నది. గబ్బిలమునకు మాత్రము లోపలికి దారి యున్నది. దేవునికిఁ దెలియదని కాదు వాని బాధ. తెలుపుకొను దారిని మనుష్యులు మూసిరనియే వాని బాధ. ఆ జాషువయే పిదపఁ గ్రీస్తు చరిత్రను గావ్యముగా వ్రాసెను. దానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమాన మబ్బెను.

జాషువ చూపిన యీ మూసిన తలుపే మనలను అసలు విషయమునకుఁ దెచ్చుచున్నది. మత్తయి సువార్తలోఁ దుది తీర్పు ఘట్టమున ప్రభువు, ఆఁకలిగొన్నవానికిఁ బెట్టిన యన్నము తనకే పెట్టినట్లు, పెట్టకున్నఁ దనకే పెట్టనట్లు లెక్కించును. దేవుఁ డార్తుని దుఃఖమును తన దుఃఖముగ నెఱుఁగు ననుటకు ఇంతకంటె గట్టి మాట లేదు. కాని యా మాటలోనే మనపై నొక ఋణ మున్నది. ధాత కఱవు నాఁడు ఒంగోలులో మిషనరీ క్లౌ ఉత్త ప్రార్థనతో నూరకుండలేదు. బకింగుహాము కాలువ త్రవ్వకములోఁ గొంత భాగమును గుత్తకుఁ దీసికొని బీదలకుఁ బని కల్పించెను. కఱవు వెనుకపట్టిన పిమ్మట, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆళ్లగడ్డ సీమలో ముత్యాలపాడు కేంద్రముగ ఎస్.పి.జి. మిషనువారు అంతకు ముందునుండియే పనిచేయుచుండిరి. జనులు కూటికొఱకే వచ్చిరని కొంద ఱెగతాళి చేసిరి. కూటికొఱకు వచ్చుట తప్పా? అట్లయినను, కఱవు తీరిన తరువాతఁ గూడఁ దరతరములుగ నిలిచినవారు కేవలము కూటికొఱకు నిలువరు. ఊరివారు తాఁకని తమ్ము తాఁకిన దేవుఁ డొకఁ డున్నాఁడని వారు వినిరి.

మా క్రైస్తవులము ఈ ఋణమును సరిగఁ దీర్చితిమని చెప్పఁజాలను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘ మేర్పడినపుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను విశ్వాసులలో ననేకు లందుఁ జేరక వేఱుగ నిలిచిరి; 1975లోఁ గాని యా చీలిక తీరలేదు. ఒక్క ప్రభువు గాయములను స్మరించువారికి, ఒకరి మనసు నొకరు తెలిసికొనుటకు ఇరువదియెనిమిదేండ్లు పట్టెను. నేఁటికిని మా సంఘములలోఁ గులపు గోడలు పూర్తిగఁ గూలలేదు. దేవుఁడు మనలను గ్రహించె నని పాడుచు, ప్రక్కవానిని గ్రహింపకుండుట మా కలవాటైనది.

కావున శ్రోతలారా, దేవుఁడు మన దుఃఖము నెఱుఁగునా యను ప్రశ్నకు నా తెలిసినంతలో నుత్తర మిది. లెక్కలు వ్రాసికొనువానివలె గాక, గాయపడినవానివలె నెఱుఁగును. ఆ యెఱుక బాధకు హేతువు చెప్పదు. బాధలో నున్నవానిని ఒంటరిగ విడువదు. దీనిని తర్కముచే నిరూపింపఁజాలను; నమ్మియున్నాను. అన్యమతస్థులైన మిత్రులు దీనిని నమ్మకున్నను, ఒక్క మాట మనకందఱకును సమానము. దుఃఖితుని యింటికిఁ బోయి "దేవునికి అంతయుఁ దెలియును" అని చెప్పి వెంటనే లేచి వచ్చుట సులభము. ఆ మాట చెప్పఁదలఁచినవాఁడు కొంతసేపు కూర్చుండి, వినవలెను. ఆ యింట పొయ్యి రాఁజినదా లేదా చూడవలెను. పదియవ దినము దాఁటి చుట్టములు వెడలిపోయిన పిమ్మట మఱల నొకమాఱు పోవలెను. దేవుఁ డెఱుఁగు నను మాటకు ఈ లోకమున మన రాకపోకలకంటె వేఱు సాక్ష్యము దుఃఖితునికిఁ గనఁబడుట యరుదు.